గోడ వైపు తిరిగి నిలబడే మనిషి

ఆయన పోయారన్న కబురు శుక్రవారం పొద్దున్న మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కోనసీమలో, సొంత ఊళ్ళో, నిద్రలోనే పోయారట. గంట తిరక్కుండా గ్రూపంతా దండం పెట్టే చేతుల బొమ్మలతో నిండిపోయింది. నేను 'నిజాయితీకి మారుపేరు' అని టైపు చేశాను. చేసి, దాన్ని కాసేపు చూసి, ఒక్కొక్క అక్షరమే చెరిపేశాను. ఆ మాట రాసే అర్హత ఈ కువైట్ మొత్తంలో లేనివాడు ఒక్కడుంటే, ఆ ఒక్కడూ నేనే. చివరికి అందరిలాగే చేతుల బొమ్మ పెట్టి ఫోను బోర్లించేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మాలో సగం మంది గుర్తుపట్టరు. అందరికీ ఆయన ఆఫీసరు గారు. ఏ ఆఫీసులో అని అడక్కండి. దజీజ్‌లో ఒక బియ్యం గోడౌన్లో స్టోర్ కీపరు. పొద్దస్తమానం బస్తాలు, ఫోర్క్‌లిఫ్టులు, దుమ్ము. కళ్ళజోడుకి గోనెసంచులు కుట్టే దారం కట్టి మెళ్ళో వేలాడేసుకునేవారు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒక చేతిగడియారం. గడియారం చేతికి కదా పెట్టుకోవాలి అంటే, "చేతికుంటే మనం చూసుకుంటామండి, జేబులోంచి తీస్తే పదిమందీ చూస్తారండి" అనేవారు. ఆ మాటకి అర్థం ఆయన పని చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆయన పని ఎన్నికలు జరపడం. మా సంఘానికి రెండేళ్ళకోసారి ఎన్నికలు. అధ్యక్షుడు, కార్యదర్శి వగైరా పదవులకి పెట్టెలో ఓట్లు వేస్తాం. వాటన్నిటికీ ముందు, సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి ఒక ఎన్నికల అధికారిని ఎన్నుకుంటాం. ఆ పదవిలో ఉన్నవాడు పోటీ చెయ్యకూడదు, ఓటు కూడా వెయ్యకూడదు. గెలిచినవాడు ఆయనకి థాంక్స్ చెప్పడు, ఓడినవాడు ఆయన్ని జన్మంతా తిడతాడు. అందుకని ఆ పదవంటే అందరూ కుర్చీలో కిందికి జారి కూచునేవాళ్ళు. మొదటిసారి ఆయన్ని ఎన్నుకున్నది వేళాకోళానికే. వెనక వరసలో ఎవరో "అదుగో, మన ఆఫీసరు గారు!" అని అరిచారు. అంతా నవ్వుతూ చేతులెత్తారు. ఆయన మటుకు నవ్వలేదు. లేచి నిలబడి, జేబులోంచి గడియారం తీశారు.

"నా మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి. రెండు నిమిషాలు ఆగుతానండి."

నిజంగానే రెండు నిమిషాలు ఆగారు. గడియారం అందరికీ కనపడేలా పట్టుకుని, ఒక్క మాట లేకుండా. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నూటయాభై మంది కూచున్న హాల్లో రెండు నిమిషాల మౌనం ఎంత పొడుగో ఆ రోజే తెలిసింది. ఎవడో దగ్గాడు. ఎవడో చెప్పు సర్దుకున్నాడు. రెండో నిమిషం అయ్యాక "ఆయ్, సరేనండి" అని కూచున్నారు. ఆ తరవాత ప్రతిసారీ అంతే. వరసగా అయిదుసార్లు ఎన్నికయ్యారు. అయిదుసార్లూ ఆ రెండు నిమిషాలు. దాన్ని మేం నాటకం అనుకునేవాళ్ళం.

నియమమంటే ఆయనకి పిచ్చి. ఓసారి ఆయన గదిలో ఉండే మనిషే కోశాధికారి పదవికి నిలబడ్డాడు. నామినేషన్ కాగితం ఏడు నిమిషాలు ఆలస్యంగా తెచ్చాడు. ఆలస్యానికి కారణం ఆఫీసరు గారికోసం చేపల పులుసు పొయ్యి మీద పెట్టి రావడం. కాగితం తీసుకోలేదు. "పులుసు వేరండీ, ఇది వేరండీ" అన్నారట. నెల్లాళ్ళు ఆ గదిలో ఆయనకి వంట లేదు. రోజూ కుబ్బూస్ రొట్టె, ఉల్లిపాయ తింటూ, ఎవరైనా అడిగితే "రుచిగానే ఉందండి" అనేవారు. ఆ కథ చెప్పుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం. నేను అందరికంటే బాగా చెప్పేవాణ్ణి, ఆయన గొంతుతో సహా.

కానీ ఆయన్ని ఆయనగా చేసింది గేటు పెట్టె.

మా సంఘంలో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు కూడా సభ్యులే. మిష్రిఫ్‌లో, రుమైథియాలో, అటు పక్కన పెద్ద విల్లాల్లో ఉంటారు. సభ్యత్వం ఉంటుంది గానీ హాలుకి వచ్చి ఓటు వేసే వీలుండదు. సెలవిచ్చే మామా, అంటే ఇంటి యజమానురాలు, ఉంటే ఇస్తుంది, లేకపోతే లేదు. ఆయన రాకముందు వాళ్ళ ఓటు గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆఫీసరు గారు మొదటిసారి ఎన్నికైన వెంటనే అడిగిన ప్రశ్న అదే. ఎవరో "రాలేని వాళ్ళ కోసం ఏం చేస్తామండీ" అన్నారు. ఆయన ఆశ్చర్యపోయారు.

"మా నాన్న పడవ నడిపేవోడండి. ఓట్లప్పుడు లంకలకి ఓట్ల పెట్టె పట్టుకెళ్ళేవోడు. గోదారి పొంగినా సరే. లంకలో నలభై మంది ఉంటే నలభై మంది కోసం పెట్టె వెళ్ళేదండి. ఇక్కడ గోదారి కూడా లేదు కదండీ, రోడ్డే కదా?"

అలా మొదలైంది. బిస్కట్ల పెద్ద రేకు డబ్బా ఒకటి తెచ్చి, మూతకి సన్నటి చీలిక కోసి, గోడౌన్లో పెట్టెలకి వేసే టేపుతో చుట్టి, టేపు మీద అభ్యర్థులందరి చేత సంతకాలు పెట్టించేవారు. గోడౌను వాళ్ళ వానెట్, అదే చిన్న ట్రక్కు, అడిగి తెచ్చుకునేవారు. ఎన్నికల శుక్రవారం మధ్యాహ్నం, విల్లాల్లో ఇంటిల్లిపాదీ పెద్దావిడ ఇంటికి భోజనాలకి వెళ్ళే వేళ చూసుకుని బయల్దేరేవారు. ముందే ఫోను చేసి ఉంచేవారు. ఒకామె చెత్త సంచి పట్టుకుని వచ్చేది. ఇంకొకామె గేటు ముందు నీళ్ళు కొట్టే నెపంతో. విల్లా వెనక గేటు పక్క అరుగు మీద ఆయన డబ్బా పెట్టి, బొమ్మలున్న కాగితం చేతికిచ్చి, పెన్ను ఇచ్చి, గోడ వైపు తిరిగి నిలబడేవారు. చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా. ఆమె "అయిపోయింది" అనేదాకా తిరిగేవారు కాదు. ఎండలో, యాభై దగ్గరికి పోయే వేడిలో, ఓ అరవై ఏళ్ళ మనిషి బడిలో శిక్ష పడ్డవాడిలా గోడకేసి నిలబడటం చూస్తే మొదట నాకు నవ్వొచ్చింది.

వేలికి సిరా వెయ్యాలి కదా. వేస్తే మామా చూసి ఇదేమిటని అడుగుతుంది. అందుకని ఆయన గేటు ఓటర్లకి సిరా కాలి బొటనవేలికి పెట్టించేవారు. తను ముట్టుకునేవారు కాదు. బస్తాల మీద గుర్తులు రాసే మార్కరు వాళ్ళ చేతికే ఇచ్చేవారు. వాళ్ళు వంగి, చెప్పు తీసి, చుక్క పెట్టుకుని, నవ్వుకుంటూ లోపలికి పోయేవారు. వాళ్ళకి ఓటంటే ఊరికే సరదా కాదు. కష్టమొచ్చినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు, వీసా ఇచ్చిన కఫీల్‌తో పేచీ వచ్చినప్పుడు సంఘం కార్యదర్శికి ఫోను చేస్తారు. ఎత్తే మనిషి కార్యదర్శి కావాలి. వాళ్ళు ఎన్నుకునేది అంతే.

ప్రతి గేటు దగ్గరా ఒక రిజిస్టరులో గీత గీసి, ఓటరు వేలిముద్రో సంతకమో, దాని పక్కన అభ్యర్థి తరఫు మనిషి సంతకమూ తీసుకునేవారు. ఆ మనిషి రోడ్డుకి అవతల, పెట్టె కనిపిస్తూ మాట వినిపించనంత దూరంలో నిలబడాలి. ఆ సంతకం లేకపోతే ఓటు లేదు. "చూసినవోడు చూశానని రాయాలండి, లేకపోతే నేను డబ్బాలో ఏం వేశానో ఎవరికి తెలుసండి?" తన మీద తనే అనుమానపడే మనిషిని నేను ఆయన్నొక్కర్నే చూశాను.

ఆయన అయిదోసారి అధికారిగా ఉన్నప్పుడు నేను కార్యదర్శి పదవికి నిలబడ్డాను. నేను ఫర్వానియాలో ఒక టైపింగ్ సెంటర్లో పనిచేస్తాను. ఇఖామా కాగితాలు, అంటే ఇక్కడ ఉండటానికి అనుమతి పత్రాలు, అరబీలో టైపు చేస్తాను. అరబీ చదవడం వచ్చినందుకు నలుగురూ నా చుట్టూ తిరుగుతారు, ఆ తిరగడం నాకు తలకెక్కింది. ఆ ఏడు మిగతా పదవులన్నీ ఏకగ్రీవమే. నాకు పోటీగా నిలబడ్డది ఒక నర్సమ్మ. గుంటూరు వైపు ఆవిడ. చర్చిలో పాడుతుంది. పనిమనుషుల్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆవిడకే ఫోను చేస్తారు. లాటరీలో నాకు గొడుగు గుర్తు వచ్చింది, ఆవిడకి తాళంచెవి. కువైట్లో గొడుగుతో ఏం పని అని నా మిత్రులే ఎగతాళి చేశారు. గేటు ఓట్లన్నీ ఆవిడవేనని నాకు గట్టి నమ్మకం.

ఆ శుక్రవారం నర్సమ్మకి డ్యూటీ పడింది. తన తరఫు మనిషిని కూడా పంపలేదు. "ఆఫీసరు గారున్నారు కదా, చాలు" అందట. కాబట్టి ఆ వానెట్‌లో ఆయన, నేను, మా కాళ్ళ మధ్య రేకు డబ్బా. మిష్రిఫ్‌లో పద్దెనిమిది గేట్లు తిరిగాం. ప్రతి గేటు దగ్గరా దిగాను, నిలబడ్డాను, సంతకం పెట్టాను. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మిగిలింది ఒక్క గేటు, రుమైథియాలో.

అక్కడ ఆమె ఎంతకీ బయటికి రాలేదు. ఇరవై నిమిషాలు, అరగంట. వానెట్‌లో ఏసీ లేదు. నాకు హాల్లో ఉన్న మిత్రుడి ఫోను వచ్చింది, ఓటింగు ఎలా సాగుతోందో చెప్పడానికి. మాట్లాడుతూ బండి దిగి, సందు చివర ఉన్న బకాలాలోకి పోయాను. చిన్న కొట్టే గాని లోపల చల్లగా ఉంది. లబన్, అదే మజ్జిగ, పాకెట్టు చింపుకుని తాగుతూ, ఎవరెవరు మన వైపు, ఎవరెవరు అటువైపు అని లెక్కలు వేసుకుంటూ పావుగంట పైనే నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి ఆయన గోడ పక్కన డబ్బా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. ముఖం ఎర్రగా కందిపోయింది.

"ఆవిడ వచ్చేసిందండి, చెత్త సంచి పట్టుకుని. రెండు నిమిషాలు కూడా ఆగలేనంది. మీకోసం కేకేశానండి, వినపడలేదు. వేయించేశాను. వేయించకూడదు. తప్పు నాదేనండి. మీకు నా మీద నమ్మకముంటే సంతకం పెట్టండి. లేదంటే ఖాళీ అలాగే ఉంచేస్తానండి."

నేను లబన్ పాకెట్టు చేత్తో పట్టుకుని "అయ్యో, ఎంత మాటండీ! మీ మీద నమ్మకం లేకపోవడమేంటి! చెయ్యి తడిగా ఉంది, హాలుకెళ్ళాక పెడతాను" అన్నాను. అప్పటికి నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు. ఈ ఒక్క ముక్క ఒట్టేసి చెప్పగలను. హాలుకెళ్ళాక మరిచిపోయాను.

లెక్కింపు మొదలైంది. ముందు హాలు పెట్టె. అది ముగిసేసరికి నేను ఆరు ఓట్లు ముందున్నాను. ఇంక గేటు డబ్బాలో పంతొమ్మిది ఓట్లు. ఆయన టేపు మీద సంతకాలు అందరికీ చూపించి, కత్తెర తీసుకున్నారు. నర్సమ్మ డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, యూనిఫాంలోనే మొదటి వరసలో కూచుంది. నేను ఆరు లోంచి పంతొమ్మిది తీసేసుకుంటూ చూశాను. నాకు ఓటమి కనపడింది. దానితోపాటు రిజిస్టరులో ఆ ఖాళీ గడి కూడా గుర్తొచ్చింది.

లేచి నిలబడ్డాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"రుమైథియా గేటు దగ్గర నన్ను పిలవకుండానే ఓటు వేయించారండి. నేను బండిలోనే ఉన్నాను. రిజిస్టరు చూడండి, నా సంతకం లేదు."

ఆయన కత్తెర కింద పెట్టారు. రిజిస్టరు తెరిచి ఆ గడి చూశారు. కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"మీరు బండిలోనే ఉన్నారాండీ?"

"ఉన్నానండీ."

"బండిలోనే ఉన్నారాండీ?" మళ్ళీ అదే ప్రశ్న, అదే గొంతుతో. అందులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది, అంతే.

"చెప్పాను కదండీ, ఉన్నాను."

అప్పుడాయన జేబులోంచి గడియారం తీశారు. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ నా కోసం ఇచ్చినవని నాకు తెలుసు. హాల్లో మిగతా వాళ్ళకి తెలీదు. నేను మొహం గట్టిగా బిగించుకుని, ఎదురుగా గోడ మీద ఉన్న ఎగ్జిట్ బోర్డు చదువుతూ నిలబడ్డాను. ఆయన ఒక్క మాట అంటే చాలు, నేను బకాలాలో ఉన్నానని. అనలేదు. ఎవరో "మీరేమంటారు ఆఫీసరు గారూ?" అని అరిస్తే, "నా మాటకి నేనే సాక్షినైతే అది ఎన్నిక ఎలా అవుతుందండీ?" అన్నారు. డబ్బా ఒకటే, అందులో ఏ కాగితం ఏ గేటుదో తెలీదు. ఒక్క సంతకం లేనందుకు పంతొమ్మిది ఓట్లూ చెల్లవని ఆయన చేత్తో ఆయనే రిజిస్టరులో రాశారు. టేపు కొయ్యకుండానే డబ్బా పక్కన పెట్టేశారు. నేను ఆరు ఓట్లతో గెలిచానని ప్రకటించారు. ఆ కిందే తన రాజీనామా కూడా రాసి, సంతకం పెట్టి, అధ్యక్షుడికి ఇచ్చేశారు.

నాకు దండ వేశారు. నర్సమ్మ వచ్చి "కంగ్రాట్స్ బ్రదర్" అంది. ఆమె మొహంలోకి నేను చూడలేదు. బిర్యానీ తెప్పించారు, తిన్నాను. రుచి కూడా గుర్తుంది. మనిషి ఎంత సిగ్గులేనివాడంటే, ఆ రోజు బిర్యానీ బాగుందనుకున్నాను.

తరవాతి శుక్రవారం ఆయన మళ్ళీ వానెట్ అడిగి తీసుకుని, పంతొమ్మిది గేట్ల దగ్గరికీ వెళ్ళి, ఒక్కొక్కరికీ చెప్పారట: మీ ఓటు లెక్కపెట్టలేదమ్మా, తప్పు నాది. ఎవరో చూసి నాకు చెప్పారు. చాదస్తం అన్నాను నేను.

కార్యదర్శిగా ఉన్న రెండేళ్ళూ నాకు ఏ ఫోను వచ్చినా ఎత్తాను. ఆసుపత్రులకి పరిగెత్తాను. కాగితాలు ఉచితంగా టైపు చేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళు విన్నప్పుడల్లా ఆ ఎగ్జిట్ బోర్డు కళ్ళ ముందుకొచ్చేది. గేటు డబ్బా మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. కొత్త అధికారికి అంత ఓపిక లేదు. పనిమనుషుల ఓటు మళ్ళీ ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

ఒక్కసారి ఆయన దగ్గరికి వెళ్ళాను. దజీజ్ గోడౌనుకి. మళ్ళీ అధికారిగా రండి అని అడగడానికి వెళ్ళానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఎందుకు వెళ్ళానో నాకు తెలుసు. ఆయన బస్తాల మధ్య స్టూలు మీద దుమ్ము దులిపి నన్ను కూచోబెట్టారు. చాయ్ తెప్పించారు. ఆ డబ్బా అక్కడే, ఆయన బల్ల వెనక అరలో, టేపు చెక్కుచెదరకుండా ఉంది. నేను ఎండ గురించి, బియ్యం ధరల గురించి, మా పిల్ల చదువు గురించి మాట్లాడాను. ఆయన ప్రతి మాటకీ "ఆయ్" అన్నారు. నా మాటలన్నీ అయిపోయాయి. జేబులోంచి గడియారం తీస్తారేమోనని భయమేసింది. తియ్యలేదు.

"ఇంకేమన్నా చెప్పాలాండీ?" అన్నారు.

"ఏం లేదండీ" అన్నాను.

"ఆయ్, సరేనండి. జాగ్రత్తగా వెళ్ళండి." గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. మరో ఏడాదికి ఖలాస్, పని చాలించి ఊరెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టుకి నేను వెళ్ళలేదు.

ఆయన పోయిన రెండో వారం సంతాప సభ పెట్టారు. ఆయన గదిలో ఉండే మనిషి, పులుసు మనిషి, ఆ డబ్బా పట్టుకొచ్చి వేదిక మీద పెట్టాడు. ఆఫీసరు గారు వెళ్తూ లోపలి పాత కాగితాలు సభ్యుల ఎదుటే చింపించి, ఖాళీ డబ్బా సంఘానికి ఇమ్మన్నారట. చింపేశారు. అందులో ఎవరి ఓట్లు ఎన్నో ఎవరికీ తెలీకుండా పోయింది. అప్పుడు నర్సమ్మ లేచింది.

"ఆయన పేరు మీద గేటు పెట్టె మళ్ళీ మొదలెడదాం. ఈ బ్రదర్‌ని ఎన్నికల అధికారిని చేద్దాం. ఆయనతో బండిలో తిరిగి ఆ పని దగ్గరుండి చూసినవాళ్ళలో ఇంకా ఇక్కడున్నది ఈయనొక్కరే కదా."

ఆమె గొంతులో వెటకారం కోసం వెతికాను. లేదు. అంతా చేతులెత్తారు. ఒక్క చెయ్యి తగ్గలేదు. నేను లేచి నిలబడ్డాను. ఫోనులో గడియారం తెరిచి అందరికీ కనపడేలా పట్టుకుని, ఆయన మాటలే అన్నాను: నా మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.

రెండు నిమిషాలు. దగ్గు కూడా వినపడలేదు. అభ్యంతరం ఉన్నవాడు ఆ హాల్లో ఒక్కడే, వాడు ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. నోరు తెరవాలని అనుకుంటూనే ఉన్నాను. నిమిషం అయింది. నిమిషమున్నర అయింది. రెండు నిమిషాలు నిండాయి. "ఆయ్, సరేనండి" అని కూచున్నాను. చప్పట్లు కొట్టారు.

మొన్న ఎన్నికలు జరిగాయి. వానెట్ నేనే నడిపాను. అభ్యర్థుల తరఫున ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ప్రతి గేటు దగ్గరా రోడ్డుకి అవతల నిలబడి చూసి, సంతకాలు పెట్టారు. చివరికి రుమైథియా. అదే సందు, అదే గేటు. ఈసారి ఆమె వెంటనే వచ్చింది, చెత్త సంచితో. రాయచోటి వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి.

"బాగుండారా అన్నా? పెద్దాయన రాలేదే?"

"పోయారమ్మా. ఊళ్ళో."

సంచి కింద పెట్టేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ తూరి మీరు బకాలాకి పోకుండా ఈడనే ఉండారే" అంది. నవ్వలేదు.

నా చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. "నువ్వు చూశావా?"

"మిద్ది మింద గుడ్డలారేస్తా చూసినా. మీరు బండి దిగి ఫోన్లో మాట్లాడుకుంటా ఆ సందులో పడి పోతిరి. నేను కిందికొచ్చి ఓటేసి, మళ్ళా మిద్దెక్కినంక గానీ మీరు రాలే."

"మరి ఓట్లు చెల్లవన్నప్పుడు చెప్పలేదేమమ్మా?"

"ఎవురడిగినారన్నా మమ్మల్ని?" మామూలుగానే అంది, పప్పు ఉడికిందా అంటే ఉడికిందన్నట్టు. "ఆ మళ్ళా వారం పెద్దాయన వచ్చి తప్పు నాదమ్మా అంటాంటే, ఆయనకి చెప్పినా. నేను ఫోన్లో మీ మీటింగులో చెప్తా, నేను చూసినా కదా, అన్నా. ఆయన వద్దనె."

"ఏమన్నారు?"

"మనం చెప్తే ఆయప్ప పరువు పోతాది. ఆయప్పే చెప్పుకుంటే నిలబడతాది. చెడ్డోడు కాదు, చెప్తాడు, కొన్నాళ్ళు చూద్దాం అనె." గేటు లోపలికి ఓసారి తొంగి చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "చెప్పినారా అన్నా? ఆయన పోయేలోపల?"

బియ్యం బస్తాల మధ్య స్టూలు, చల్లారిన చాయ్, ఇంకేమన్నా చెప్పాలాండీ అన్న ఆ గొంతు, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఆమెకి కాగితం ఇచ్చాను. పెన్ను ఇచ్చాను. డబ్బా అరుగు మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడ వైపు తిరిగాను. గోడ కాలిపోతోంది.

వెనక కాగితం మడత పెట్టిన చప్పుడు. డబ్బాలో పడిన చప్పుడు. చెప్పు తీసి సిరా చుక్క పెట్టుకుని ఉంటుంది.

"అయిపోయింది అన్నా" అంది. కాసేపాగి మళ్ళీ అంది, "ఇంక తిరగండన్నా."

తిరగలేకపోయాను.